చర్మమునకు నీరా, నూనెయా?

మార్గశిర మాసము వచ్చి చలిగాలి వీచుట మొదలిడగానే మన చర్మము మనకొక వార్త చెప్పును. ముంజేతిమీద గోటితో గీచినచో తెల్లని గీత పడును. బడిపిల్లలు ఆ గీతలతో అక్షరములు వ్రాసి ఆడుకొనుట మనమందరము చూచినదే. పెదవులు చిట్లును, పొలములలో పనిచేయువారి మడమలు పగులును. అప్పుడు ఇంటి పెద్దలు కొబ్బరినూనె గిన్నెయో, వెన్నముద్దయో తెచ్చి రాయుదురు. మరికొందరు క్రీము సీసా మూత తీయుదురు. కొంతసేపటికి చర్మము మెత్తబడును. కావున నూనెయే చర్మమును మెత్తబరచినదని మనము అనుకొందుము.

ఈ తలంపు మన ఒక్కరిదే కాదు. రెండు వేల సంవత్సరములుగా అనేక దేశముల వైద్యులును, గృహిణులును, క్రీములు చేయువారును ఇట్లే అనుకొనిరి. అది పూర్తిగా సరికాదని ప్రయోగముతో తేలినది 1952లో మాత్రమే. చేతికి ఏనాడో తెలిసిన విద్య బుద్ధికి తెలియుటకు ఇంతకాలమేల పట్టినది? తెలిసిన పిదప లోకమునకు ఒనగూడిన మేలేమి? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని, నేటి క్రీములలోని ముఖ్య ద్రవ్యముల చరిత్రను కొంత పరికింతము.

మన దేశములో నూనెపూతకు అభ్యంగమని పేరు. చరక సంహిత సూత్రస్థానములో దీని గుణములు చెప్పబడియున్నవి. నూనె పట్టిన కుండయు, తోలును, బండి ఇరుసును దృఢపడి ఒత్తిడికి ఓర్చునట్లే, అభ్యంగము వలన శరీరమును దృఢపడునని అందలి పోలిక. మన ఇండ్లలో భోగినాడు, దీపావళినాడు జరుగు తలంటి ఈ ఆచారపు కొనసాగింపే. అయితే ఆ తలంటిలో ఒక విశేషమున్నది. మనము నూనె రాసుకొని ఊరకుండము. నలుగు పెట్టి, వేడినీళ్లు పోసుకొందుము. నలుగుతో అధికముగా ఉన్న నూనె పోవును. పలుచని పొర మాత్రము మిగులును. అనగా మన ఆచారములో నూనె, నీరు ఎప్పుడును జంటగానే ఉన్నవి. కాని కీర్తి అంతయు నూనెకే దక్కినది.

పాశ్చాత్య దేశములలోను ఇదే కథ. క్రీస్తు శకము రెండవ శతాబ్దములో రోము నగరమున గ్రీకు వైద్యుడు గాలెను పేరుమోసెను. తేనెమైనమును ఆలివ్ నూనెలో కరగించి, అందులో గులాబినీరు కలిపి చిలికిన లేపనము ఆయన పేరుతో నేటికిని ప్రసిద్ధము. చర్మముపై రాయగానే అందలి నీరు ఆవిరియై చల్లదనము కలిగించును. అందువలననే దానికి కోల్డ్ క్రీమని పేరు వచ్చెను. నూనెను నీటిని విడిపోకుండ పట్టియుంచు ద్రవ్యము అందు లేనందున అది ఎక్కువకాలము నిలువదు. చాల శతాబ్దముల తరువాత వెలిగారము చేర్చి ఆ లోపమును సరిదిద్దిరి.

ఆ కాలపు గ్రీకులకు, రోమనులకు మరియొక లేపనము కూడ తెలియును. అది గొర్రె ఉన్నికి అంటియుండు జిడ్డు. మొదటి శతాబ్దపు వైద్యుడు డయోస్కొరిడీసు ఉన్నిని నీట ఉడికించి ఆ జిడ్డును వేరుచేయు పద్ధతిని వివరించెను. దాని గుణము మంచిదే గాని వాసన దుర్భరము. రోమను కవి ఓవిడు ఆ కంపును గూర్చి పరిహాసమాడెను. ఈ కారణముననే కాబోలు, ఉన్నికొవ్వు శతాబ్దముల తరబడి వెనుకబడిపోయెను.

పదునెనిమిదవ శతాబ్దమునుండి రసాయనశాస్త్రము ఈ రంగములో ప్రవేశించినది. 1779లో స్వీడను దేశపు రసాయనికుడు షీలే ఆలివ్ నూనెను సీసభస్మముతో కలిపి వేడిచేయగా తియ్యని ద్రవమొకటి లభించెను. కొవ్వుల రసాయనమును శోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూలు గ్రీకు భాషలో తీపికి ఉన్న మాటనుబట్టి దానికి గ్లిసరినని పేరు పెట్టెను. సబ్బు వండునప్పుడు కొవ్వునుండి విడివడు ద్రవ్యమిదే. నైట్రిక్ ఆమ్లముతో కలిసినప్పుడు ఇదియే ప్రేలుడు పదార్థమగును. ఆల్ఫ్రెడ్ నోబెలు 1867లో పేటెంటు పొందిన డైనమైటు దానితో చేసినదే. కొండలు పగులగొట్టు మందునకును, పగిలిన పెదవులకు రాయు మందునకును మూలద్రవ్యము ఒక్కటే యగుట వింతయే. గ్లిసరినుకు నీటిపై మక్కువ ఎక్కువ. మూత తీసి ఉంచినచో గాలిలోని తేమను తనలోనికి లాగుకొనును. నీరు కలుపని చిక్కని గ్లిసరిను చిట్లిన పెదవులపై మంట పుట్టించుటకు కారణమును ఇదియే. అది ఆ క్షణమున చర్మములోని నీటినే లాగుకొనును.

రెండవ ద్రవ్యము భూగర్భమునుండి వచ్చినది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్లువద్ద చమురుబావి పడెను. అచ్చటికి వెళ్లిన రాబర్టు చీజ్‌బ్రో అను యువ రసాయనికుడు ఒక వింత చూచెను. పంపుల కడ్డీలకు అంటుకొను నల్లని మైనము పనివారికి పెద్ద తలనొప్పి. కాని వారే చేతులు తెగినప్పుడు, కాలినప్పుడు దానిని పూసుకొనుచుండిరి. చీజ్‌బ్రో దానిని సంవత్సరముల తరబడి శుద్ధిచేసి, 1872లో వాజలైను అను పేరుతో పేటెంటు పొందెను. అది కుళ్లదు, కంపుకొట్టదు, చర్మముపై నిలిచియుండును. ఆయన 1933లో తన 96వ యేట మరణించునాటికి ఆ చిన్న సీసా దేశదేశముల గడపలు తొక్కినది.

మూడవది మరల గొర్రె ఉన్నియే. 1880 దశకములో జర్మనీలో ఆస్కర్ లీబ్రైఖు, ఆటో బ్రౌను అనువారు ఉన్నికొవ్వును కంపు లేకుండ శుద్ధిచేయు మార్గము కనిపెట్టిరి. లాటిను భాషలోని ఉన్ని, నూనె అను రెండు మాటలు కలిపి దానికి లానొలిను అని పేరిడిరి. ఈ కొవ్వు నీటిని విదలించివేయదు. తన బరువుకు రెట్టింపు నీటిని కూడ తనలో ఇముడ్చుకొనగలదు. ఈ గుణమునకు మూలమైన భాగమును ఐజాక్ లిఫ్‌షూట్జు అను రసాయనికుడు వేరుచేసి యూసెరిటని పేరు పెట్టెను. హాంబర్గు నగరమున చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా దాని విలువ గుర్తించెను. ఆ నగరములోనే బయర్స్‌డార్ఫు సంస్థ యజమాని ఆస్కర్ ట్రాప్లోవిట్జు వారితో కలిసి 1911లో నీవియా క్రీమును అంగడికి తెచ్చెను. మంచును తెలుపు లాటిను మాటనుండి పుట్టిన పేరది. నూనెలో నీటి బిందువులు విడిపోకుండ నెలల తరబడి నిలువగలిగిన క్రీము ఇట్లు సిద్ధమైనది.

దాదాపు ఈ కాలముననే మన దేశమునకు మరియొక రకపు క్రీము వచ్చినది. స్టియరిక్ ఆమ్లమును కొద్దిపాటి క్షారముతో కలిపి, ఎక్కువ నీరు చేర్చి చేసిన తెల్లని క్రీమది. రాయగానే కనబడకుండ పోవును, జిడ్డు కనిపించదు. మనవారు దానిని స్నో అనిరి. "స్నో, పౌడరు" అను జంటమాట తెలుగు ఇండ్లలో స్థిరపడినది అట్లే. 1919లో బొంబాయిలో పాటన్‌వాలా ప్రారంభించిన ఆఫ్గన్ స్నో ఈ జాతిదే. 1929లో కలకత్తాలో గౌరమోహన్ దత్తా ప్రారంభించిన బోరోలీనులో బోరికామ్లము, జింకు ఆక్సైడులతో పాటు లానొలిను కూడ ఉన్నది. విదేశీ సరుకు రాజ్యమేలు దినములలో స్వదేశీ సంస్థలు ఇట్టి వస్తువులను చేసి నిలదొక్కుకొనుట మన పరిశ్రమల చరిత్రలో గుర్తుంచుకొనదగిన విషయము.

ద్రవ్యములు మెరుగుపడినవి గాని, వాటి పనినిగూర్చిన భావము మెరుగుపడలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ఇంగ్లండు, అమెరికాలలో అనేక క్రీములు చర్మాహారమను పేరుతో అమ్ముడుపోయినవి. చర్మమునకు ఆహారము లోపలి రక్తమునుండి వచ్చునే గాని, పైన పూసిన కొవ్వునుండి కాదు. అమెరికాలో 1938 నాటి చట్టము అలంకరణ ద్రవ్యములను మొదటిసారిగా ప్రభుత్వపు అదుపులోనికి తెచ్చినది. మన దేశములో 1940 నాటి ఔషధముల చట్టమును 1962లో సవరించి, అలంకరణ ద్రవ్యములను అందు చేర్చిరి. అబద్ధపు చీటీని చట్టము అరికట్టగలదు. కాని ఆ ద్రవ్యము చేయు పని యేదో చెప్పవలసినది శాస్త్రమే.

ఆ మాట చెప్పినవాడు బోస్టను నగరములోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రియందు పరిశోధన చేయుచుండిన ఇర్విన్ బ్లాంకు. ఆయన ప్రయోగము మిక్కిలి సులభమైనది. అరికాలిలో కాయ కాచిన చర్మమునుండి తీసిన ముక్క ఆరిన పిదప పెళుసై విరుగును. దానిని వాజలైను, లానొలిను, ఆలివ్ నూనె వంటి కొవ్వులలో ఎంతకాలము నాననిచ్చినను అది మెత్తబడలేదు. నీటిలో ఉంచగా వంగినది. చుట్టునున్న గాలిలో తేమ తగ్గినకొలది దానిలోని నీరు పోవుటయు, ఆ నీరు సుమారు పదవవంతుకంటె తగ్గినప్పుడు అది పెళుసెక్కుటయు ఆయన గమనించెను. 1952లో ప్రకటితమైన ఈ ఫలితముతో మూలసూత్రము తేలిపోయినది. చర్మపు పైపొరను మెత్తబరచునది నీరు. నూనె కాదు.

అట్లయిన నూనె రాసినప్పుడు చర్మము మెత్తబడుట అబద్ధమా? కాదు. సజీవమైన చర్మమునకును, కోసి ఎండబెట్టిన ముక్కకును భేదమున్నది. మన శరీరపు లోపలి పొరలలో నీరు సమృద్ధిగా ఉన్నది. అది మెల్లమెల్లగా పైకి ఊరుచు గాలిలో కలిసిపోవుచుండును. పైన నూనెపొర ఉన్నచో ఆ నీరు తొందరగా పోజాలదు. ఆగిన నీటివలన పైపొర మెత్తబడును. పొలము గట్టు పంటకు నీరు పెట్టదు. పెట్టిన నీటిని పోనీయదు. నూనె చేయు పనియు అంతే. తోళ్లు పదునుచేయువారు తోలు తడిగా నున్నప్పుడే కొవ్వు పట్టించుట ఈ రహస్యము తెలిసియే. వారి చేతికి తెలిసినది ప్రయోగశాలకు చేరుటకు ఇన్ని శతాబ్దములు పట్టినది. కొవ్వును నీటిని విడదీసి చూచు పరీక్ష ఎవరికిని తోచకపోవుటయే దీనికి కారణము.

ఆ తరువాతి ప్రశ్న ఇది: గట్టు లేకున్నను, ఆరోగ్యవంతమైన చర్మము తన నీటిని తానెట్లు కాపాడుకొనుచున్నది? 1959లో జాకోబి అను శాస్త్రజ్ఞుడు పైపొర కణములలో నీటిని పట్టియుంచు సహజ ద్రవ్యములున్నవని చెప్పెను. అమైనో ఆమ్లములు, లాక్టిక్ ఆమ్లపు లవణములు, యూరియా మొదలగునవి అందలి భాగములు. స్వీడను దేశపు చర్మవైద్యుడు గున్నార్ స్వాన్‌బెక్ 1968లో నూటికి పదిపాళ్లు యూరియా కలిపిన క్రీమును చేపపొలుసులవలె చర్మము లేచు వ్యాధికి వాడి ఫలితము పొందెను. పొలమునకు ఎరువగు యూరియా రోగి చర్మమునకు మందైనది.

1980 దశకములో అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఎలియాసు పైపొరను ఇటుకగోడతో పోల్చి వివరించెను. మృతకణములు ఇటుకలు, వాటి నడుమనున్న కొవ్వులు అడుసు. ఆ అడుసులో సెరమైడులు, కొలెస్టిరాలు, కొవ్వు ఆమ్లములు ఉన్నవి. అడుసు రాలిపోయిన గోడలోనుండి నీరు బయటికి పోవును. బయటి సూక్ష్మజీవులు లోనికి వచ్చును. వాజలైను చర్మముపై మూతవలె పడియుండుననియే అందరును అనుకొనుచుండగా, 1992లో ఎలియాసు బృందము అది పైపొర సందులలోనికి కూడ చేరుననియు, చర్మము తన్ను తాను బాగుచేసికొనుటకు అడ్డురాదనియు చూపినది. 2006లో స్కాట్లండులోని డండీ నగరపు పరిశోధకులు మరియొక మెట్టు ఎక్కిరి. ఫిలాగ్రిను అను మాంసకృత్తు విచ్ఛిన్నమగుటవలన పైపొరలోని అమైనో ఆమ్లములు చాలవరకు ఏర్పడును. దాని జన్యువులోని లోపము చేపపొలుసు వ్యాధికి కారణమనియు, ఎగ్జిమాకు బలమైన ప్రేరకమనియు వారు నిరూపించిరి. పొడిచర్మము కొందరి విషయములో అశ్రద్ధవలన కలిగినది కాదు, పుట్టుకతో వచ్చినదని ఇట్లు తెలిసినది.

ఇది కేవలము అందమునకు సంబంధించిన చర్చయని శ్రోతలు తలపవచ్చును. కాని నీరు ముందు, నూనె తరువాత అను ఈ చిన్న సూత్రముపై కొందరి కాళ్లును, కొందరి ప్రాణములును ఆధారపడియున్నవి.

కుష్ఠువ్యాధి నరములను దెబ్బతీయును. స్పర్శ పోవుటయే గాక చెమట పట్టుటయు ఆగిపోవును. అరికాలు బీటలువారును, బీట పుండగును, నొప్పి తెలియనందున రోగి దానిమీదనే నడచును. వేళ్లు వ్యాధివలన వాటంతటవి రాలిపోవునని లోకము నమ్మెను. 1940 దశకపు చివరి సంవత్సరములనుండి వెల్లూరులో కృషిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండు, ఆ నష్టము స్పర్శలేని అవయవమునకు తగులు గాయములవలన కలుగునదని చూపెను. గాయమైనచో దానిని నివారింపవచ్చును. నేడు కుష్ఠురోగులకు నేర్పు స్వయంరక్షణలో మొదటి పాఠమేమనగా: ప్రతిదినము పాదములను అరగంటసేపు మామూలు నీటిలో నానబెట్టుట, మొద్దుచర్మమును మెల్లగా రుద్దివేయుట, తడి ఆరకముందే నూనె గాని వాజలైను గాని రాయుట. దీనికయ్యెడు ఖర్చు స్వల్పము, దక్కెడిది కాలు. మధుమేహరోగులకు మాత్రము వైద్యులు చెప్పు పద్ధతి వేరు. వారు పాదములను నానబెట్టరాదు. కడిగి, తుడిచి, క్రీము రాయవలెను. వేళ్ల సందులలో రాయరాదు.

ఇక నెలలు నిండకముందే పుట్టిన శిశువుల మాట. వారి చర్మపుగోడ పూర్తిగా కట్టబడియుండదు. నీరు, వేడిమి బయటికి పోవును. రోగక్రిములు లోనికి వచ్చును. 1998-2003 సంవత్సరముల నడుమ బంగ్లాదేశములోని ఢాకా శిశు ఆసుపత్రిలో ఇట్టి శిశువులకు పొద్దుతిరుగుడు నూనెను మెల్లగా పూసి పరీక్షించిరి. నూనె పూసినవారిలో ఆసుపత్రిలో సోకు రక్తవిషరోగములు నూటికి 41 పాళ్లు తగ్గినవని 2005లో ప్రకటించిరి. మరణములు పొద్దుతిరుగుడు నూనెతో 26 పాళ్లు, వాజలైను జాతి లేపనముతో 32 పాళ్లు తగ్గినవని 2008లో వెల్లడించిరి. అయితే అన్ని నూనెలును ఒక్కటి కావు. ఎలుకలపై చేసిన పరీక్షలో ఆవనూనె చర్మపుగోడ బాగగుటను ఆలస్యము చేసినది. ఆలివ్ నూనె పెద్దల చర్మమునకు సైతము కొంత హాని చేయుట 2013 నాటి పరిశోధనలో కనబడినది. తరతరములుగా వాడుచున్నామన్న మాట ఒక్కటే ప్రమాణము కాజాలదు.

క్రొత్త ఆశలకును హద్దులున్నవి. పుట్టిన మొదటి యేడాది ప్రతిదినము లేపనము పూసినచో ఎగ్జిమా రాకుండ ఆపవచ్చునేమోనని ఇంగ్లండులో 1,394 మంది శిశువులను పరీక్షించిరి. ఆపలేదని 2020లో ఫలితము వచ్చినది. వచ్చిన ఎగ్జిమాకు లేపనము ఉపశమనమే గాని, రాకుండ ఆపు కవచము కాదు.

ఈ చరిత్ర తెలిసినవారికి క్రీము సీసాపై చీటీ చదువుట కష్టము కాదు. అందలి ద్రవ్యములు ఎన్ని పేర్లతో ఉన్నను చేయు పనులు మూడే. గ్లిసరిను, యూరియా వంటివి నీటిని పట్టియుంచును. 1934లో న్యూయార్కులో కార్ల్ మేయరు, జాన్ పామరు ఆవు కంటినుండి వేరుచేసిన హయలురానిక్ ఆమ్లమును ఈ కోవలోనిదే. నేడు దానికి గొప్ప ప్రచారమున్నను అది చేయు పని ఇంతే. సెరమైడులు, కొన్ని నూనెలు గోడ సందులు పూడ్చును. వాజలైను, లానొలిను, మైనము పైన కప్పి కావలి కాయును. చౌకగా దొరకు వాజలైను ఈ కావలిపనిలో ఖరీదైన క్రీములకు ఏమాత్రము తీసిపోదు. ఎక్కువ వెల పెట్టి కొన్న సీసాలో మనకు దొరకు అదనపు వస్తువు తరచు సువాసన మాత్రమే. ఎగ్జిమా ఉన్నవారికి ఆ సువాసన ద్రవ్యమే పడకపోవచ్చును.

కావున ఏ లేపనము కొనవలెనను ప్రశ్నకంటె ఎప్పుడు రాయవలెనను ప్రశ్న ముఖ్యము. స్నానమైన వెంటనే, ఒంటిని ఒత్తి తుడిచి, ఆ కొద్ది తడి ఇంకను ఉండగనే రాయవలెను. అప్పుడు నీరు తన పని చేయును, నూనె తన పని చేయును. బీట పుండైనచో, దురద నిద్ర పట్టనీయనిచో, అది లేపనముతో పోవునని కాచుకొని కూర్చుండక వైద్యునికి చూపవలెను.